టీనేజ్‌లో డిప్రెషన్ మాత్రలు వాడితే తర్వాత చదువు మందగిస్తుందా?

వంశధార అమ్మ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మా పాప ప్లస్ టూ సైన్స్ రెండో ఏడాది. నిరుడు దసరాల ముందు నుంచి ఎవరితోనూ మాట్లాడేది కాదు, అన్నం ముట్టేది కాదు, రాత్రంతా మేలుకునే ఉండేది. బతకాలని లేదని నోటుబుక్కు వెనక రాసుకున్నది మా ఆయన కంట పడింది. వెంటనే విశాఖ తీసుకెళ్లి చూపించాం. మాటిమాటికీ అంత దూరం కష్టమని తర్వాత బరంపురంలో చూపిస్తున్నాం. ఎస్సిటలోప్రామ్ మాత్ర రాశారు. కొన్నాళ్లకు పిల్ల మళ్లీ మనిషైంది. తింటోంది, స్నేహితురాళ్లతో ఫోన్లో నవ్వుతోంది.

ఇప్పుడు వేరే టెన్షన్ పట్టుకుంది. చదివింది నిలవడం లేదంటోంది. కెమిస్ట్రీ రియాక్షన్లు పొద్దున్న అప్పజెప్పినవి సాయంత్రానికి గుర్తుండటం లేదు. మా మరిది వాట్సాప్‌లో ఒక వార్త పంపాడు. లేత వయసు ఎలుకలకు ఈ జాతి మందు ఇస్తే అవి పెద్దయ్యాక జ్ఞాపకశక్తి దెబ్బతిందట. “మెదడు ఎదిగే వయసులో ఇదేం పని వదినా” అంటున్నాడు. మా అత్తగారు సరస్వతి లేహ్యం మొదలుపెట్టేశారు. ఫిబ్రవరిలో పరీక్షలు. మాత్ర ఆపేయాలా? ఈ మతిమరుపు జీవితాంతం ఉండిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం బాబాయ్

ఆపేయండమ్మా, రెండో ఆలోచన వద్దు. మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? పొద్దున్నే నడక, ప్రాణాయామం, చద్దన్నం. ఆ మాత్రలు ఒకసారి మొదలైతే వదలవు.

మందుల షాపు, జయపురం

బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇలాంటి చోట “ఆపేయండి” అని రాయకండి. ఎస్సిటలోప్రామ్ లాంటివి టక్కున మానేస్తే కళ్లు తిరగడం, నిద్ర చెడిపోవడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, పిచ్చి చిరాకు వస్తాయి. అది చూసి జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. నిజంగా తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. బతకాలని లేదని రాసుకున్న పిల్ల విషయంలో అలా చేయకూడదు.

అక్కా, మీరు ఒక పని చేయండి. మాత్రల స్ట్రిప్ తిప్పి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ఎస్సిటలోప్రామ్ ఒక్కటే ఉందా, దాని కింద ఇంకో పేరు ఉందా? ముందువైపు బ్రాండ్ పేరు చివర “ప్లస్” లాంటిదేమైనా ఉందా?

వంశధార అమ్మ, పర్లాకిమిడి

ఉంది తమ్ముడూ. ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా., క్లోనజెపామ్ 0.5 మి.గ్రా. అని ఉంది. విశాఖలో మొదట రాసింది ఇదే, ఇప్పటికీ అదే వాడుతున్నాం. రెండూ ఒకటే మందు కాదా?

మందుల షాపు, జయపురం

కాదక్కా, రెండూ పూర్తిగా వేరు. ఎస్సిటలోప్రామ్ డిప్రెషన్ మందు. దాని గుణం కనబడటానికి నాలుగైదు వారాలు పడుతుంది. క్లోనజెపామ్ బెంజోడయాజెపైన్ జాతిది. ఆందోళన తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది, ఫిట్స్‌కీ వాడతారు. మొదటి మందు పని మొదలయ్యేవరకు ఊతంగా కొన్ని వారాలు ఇవ్వడం మామూలే. అయితే కొత్తగా చదివినది బుర్రలో నాటుకోకుండా అడ్డుపడటం క్లోనజెపామ్‌కు బాగా తెలిసిన దుష్ప్రభావం. రాత్రి వేసుకున్న మాత్ర పొద్దున్న క్లాసులోనూ ఒంట్లో ఉంటుంది. సగం దిగడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది మరి.

కౌంటర్ దగ్గర ఇది తరచూ చూస్తూనే ఉంటాను. మొదటి డాక్టర్ కొన్ని వారాలకని రాస్తారు. కుటుంబం ఊరు మారుస్తుంది, డాక్టర్ మారతారు. పాత చీటీ చూపించి “అదే ఇవ్వండి” అంటారు. కొన్నిచోట్ల ఇచ్చేస్తారు కూడా. ఇలా నెలల తరబడి కొనసాగుతుంది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే సగం చీటీలు అటువైపువి, సగం ఇటువైపువి. ఏ ఒక్క డాక్టరూ మొత్తం చూడరు.

ఇది చదివి క్లోనజెపామ్ మీరే ఆపేయకండి. అదీ ఒక్కసారి మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఈసారి వెళ్లినప్పుడు స్ట్రిప్పే చేతిలో పట్టుకెళ్లండి. లేహ్యం సంగతీ చెప్పండి, దాచకండి.

నాగావళి, రాయగడ

నేను డాక్టర్ని కాదు, జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఎలుకల వార్త గురించి నాలుగు మాటలు. వాట్సాప్‌లో వచ్చినంత మాత్రాన అబద్ధం కాదు. కానీ మీ పాపకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే ప్రశ్న.

ఈ దారిలో పేరున్న పరిశోధన 2004లో సైన్స్ పత్రికలో వచ్చింది, కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లది. పుట్టిన నాలుగో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా చిట్టెలుకలకు ఎస్సిటలోప్రామ్ జాతికే చెందిన ఫ్లూఓక్సెటిన్ ఇచ్చి, తర్వాత మానేశారు. అవి పెద్దయ్యాక బెదురు, వెనకాడటం ఎక్కువగా కనిపించాయి. మందు ఆపి చాలాకాలమైనా ఆ తేడా పోలేదు. అందుకే అందరూ ఉలిక్కిపడ్డారు. కానీ ఎలుకకు ఆ వయసంటే మనిషి లెక్కన కడుపులో ఉన్న చివరి నెలలు, పసితనం. పదిహేడేళ్ల అమ్మాయి కాదు.

ఎలుకల్లో టీనేజ్ అంటే సుమారుగా 35వ రోజు నుంచి 49వ రోజు దాకా లెక్కేస్తారు. ఆ రోజుల్లో మందు ఇచ్చి, ఆపి, పెద్దయ్యాక పరీక్షించిన ప్రయోగాలూ ఉన్నాయి. ఒక పరీక్ష ఇలా ఉంటుంది. గుండ్రటి తొట్టిలో తెల్లగా కలిపిన నీళ్లు, నీళ్ల కింద కనబడని చిన్న దిమ్మె. ఎలుక ఈదుతూ ఆ దిమ్మె ఎక్కడుందో నేర్చుకోవాలి. రిచర్డ్ మోరిస్ అనే శాస్త్రవేత్త 1981లో తెచ్చిన పద్ధతి ఇది. ఇలాంటి పనుల్లో టీనేజ్‌లో మందు తిన్న ఎలుకలు వెనకబడ్డాయని చెప్పిన పరిశోధనలు ఉన్నాయి. మీ మరిది గారు పంపింది ఆ కోవదే అయివుంటుంది.

ఇక రెండో వైపు. 2000లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు పెద్ద ఎలుకలకు ఈ మందులు చాలా రోజులు ఇస్తే, జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో కొత్త కణాలు ఎక్కువ పుడుతున్నాయని చూపించారు. 2008లో ఇటలీ శాస్త్రవేత్తలు ఫ్లూఓక్సెటిన్ ఇచ్చిన పెద్ద ఎలుకల మెదడులో చూపుకు సంబంధించిన భాగం మళ్లీ లేత వయసులోలా మారగలిగే గుణం తెచ్చుకుందని చూపించారు. అంటే మందు మెదడును ఊరికే వదలదు, నేర్చుకునే యంత్రాంగాన్నే కదిలిస్తుంది. ఏ వయసులో, ఎంత మోతాదులో, ఎంతకాలం, ఏ స్థితిలో ఉన్న మెదడును అన్నదాన్ని బట్టి ఫలితం అటూ ఇటూ అవుతుంది.

ఆ “ఏ స్థితిలో” అన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. ల్యాబులో చాలాసార్లు మందు ఇచ్చేది ఏ జబ్బూ లేని ఎలుకకి. మీ పాప తిండి, నిద్ర మానేసిన స్థితిలో మందు మొదలుపెట్టింది. పైగా ఎలుక ఒంట్లో మందు తొందరగా కరిగిపోతుంది కాబట్టి కిలో బరువుకు మనుషులకంటే చాలా ఎక్కువ మోతాదు ఇస్తారు.

నిప్పులాంటి నిజం, కొరాపుట్

చాలా తెలివిగా కంపెనీల పక్షాన మాట్లాడారు నాగావళి గారూ. మరి ఇదే జాతి మందు పారోక్సెటిన్ కథ చెప్పరేం? 2001లో పిల్లలకు బాగా పనిచేస్తుందని ప్రచురించారు, స్టడీ 329. అదే డేటాను వేరేవాళ్లు మళ్లీ లెక్కగట్టి 2015లో బీఎంజే పత్రికలో వేస్తే తేలిందేమిటి? పని చేయలేదు, పైగా హాని. ఈలోగా 2012లో ఆ మందు కంపెనీ గ్లాక్సోస్మిత్‌క్లైన్ అమెరికాలో నేరం ఒప్పుకుని 300 కోట్ల డాలర్లు కట్టింది. 18 ఏళ్లలోపు పిల్లలకు ఆ మందు అమ్ముకోవడం కూడా ఆ కేసులో ఉంది. డెన్మార్క్‌లో అయితే ఈ మందుల వల్ల పిల్లలకు లెక్కల్లో మార్కులు తగ్గాయని తేలింది. ఇంకేం కావాలి?

నాగావళి, రాయగడ

స్టడీ 329 గురించి మీరు చెప్పిందంతా నిజం. కాదనను. ఆ మందు పిల్లలకు రాయకూడదనే నేనూ అంటాను. కానీ అది పారోక్సెటిన్. ఈ పాప వాడేది ఎస్సిటలోప్రామ్. అమెరికాలో టీనేజ్ డిప్రెషన్‌కు ఆమోదం ఉన్నవి రెండే: ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు ఫ్లూఓక్సెటిన్, అది 2003లో. 12 దాటినవాళ్లకు ఎస్సిటలోప్రామ్, 2009లో. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు అనే ఈ జాతి మందులన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

డెన్మార్క్ పరిశోధన 2021లో వచ్చింది, నేను చదివాను. అది టీనేజ్ పిల్లలు మందు వాడటం గురించి కాదు. గర్భంతో ఉన్నప్పుడు తల్లులు వాడితే, ఆ పిల్లలు బడికెళ్లే వయసులో ఎలా ఉన్నారన్నది. లెక్కల్లో చిన్న తేడా వచ్చింది, భాషలో రాలేదు. మీరు దాన్ని తెచ్చి ఇక్కడ అతికించారు.

నిప్పులాంటి నిజం, కొరాపుట్

సరే, ఒప్పుకుంటా. అయితే నాకు ఒక్కటి చూపించండి. పదిహేనేళ్లకు ఈ మందు మొదలుపెట్టిన పిల్లల్ని పాతికేళ్ల దాకా వెంబడించి, మందు వాడని డిప్రెషన్ పిల్లలతో పోల్చి, జ్ఞాపకశక్తి కొలిచిన పెద్ద ట్రయల్. ఎక్కడుంది?

నాగావళి, రాయగడ

మంచి ప్రశ్న. లాటరీ తీసినట్టు కొందరికి మందు, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర పంచి, పదేళ్లు వెంబడించిన ట్రయల్ పిల్లల్లో లేదు. ఉన్న ట్రయల్స్‌లో ఎక్కువ భాగం 8 నుంచి 12 వారాలవి. పేరున్న టాడ్స్ అనే ట్రయల్‌ను 36 వారాల దాకా నడిపారు. 439 మంది, 12 నుంచి 17 ఏళ్లవాళ్లు. 12 వారాలకు ఫ్లూఓక్సెటిన్, కౌన్సెలింగ్ రెండూ తీసుకున్నవాళ్లలో 71 శాతం మందికి నయమనిపించింది. మందు ఒక్కటే తీసుకున్నవాళ్లలో 61, సీబీటీ అనే కౌన్సెలింగ్ ఒక్కటే అయితే 43, ఉత్తుత్తి మాత్రకు 35. 36 వారాలకు చూస్తే రెండూ కలిపి 86, విడివిడిగా ఏదైనా 81. అంటే కౌన్సెలింగ్ ఆలస్యంగానైనా మందును అందుకుంది. అక్కా, మీ పాపకు కౌన్సెలింగ్ ఏమైనా జరుగుతోందా, లేక మాత్ర మాత్రమేనా?

వంశధార అమ్మ, పర్లాకిమిడి

మాత్రే. డాక్టర్ దగ్గర పది నిమిషాలు మాట్లాడతారు, అంతే. బయట ఇంకా జనం ఉంటారు.

గుణుపురం మాస్టారు

రిటైర్డ్ లెక్చరర్ని. ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ఇందులో మందు సంగతి మీరంతా మాట్లాడుతున్నారు కాబట్టి నేను జబ్బు సంగతి చెబుతాను.

డిప్రెషన్ వచ్చిన పిల్ల మందు లేకపోయినా మరచిపోతుంది. ఏకాగ్రత, పని చకచకా ముగించడం, రెండు విషయాలు ఒకేసారి బుర్రలో పెట్టుకోవడం, ఇవే మొదట పోతాయి. ఏడుపు తగ్గినా, ముఖంలో నవ్వు వచ్చినా, ఈ భాగం వెనకబడే వస్తుంది. కొందరికి నెలలు పడుతుంది. తల్లిదండ్రులు మాత్రం “ఇప్పుడు బాగానే ఉందిగా, ఇంకా చదవదేం” అంటారు.

రెండోది మన ప్రాంతం సంగతి. అమ్మా, మీ ఇంట్లో తెలుగు. పదో తరగతి దాకా పాప ఒడియా మీడియంలో చదివి ఉంటుంది. ప్లస్ టూ సైన్స్‌కు రాగానే పుస్తకం ఇంగ్లీషు, పాఠం చెప్పేవారు సగం ఒడియా, సగం ఇంగ్లీషు. నా క్లాసులో మొదటి ఏడాది తెలివైన పిల్లలే ఎక్కువ కుంగిపోవడం చూశాను. పదిలో స్కూలు ఫస్ట్ వచ్చిన కుర్రాడు ఇక్కడ యూనిట్ టెస్ట్ తప్పి, నేను మొద్దునైపోయాను మాస్టారూ అని ఏడ్చాడు. ఏ మాత్రా వాడలేదు వాడు. నిరుడు దసరాల ముందు అన్నారు. అంటే పాప ప్లస్ టూలో చేరిన కొన్ని నెలలకే. ఆలోచించండి.

రాత్రి ఆన్‌లైన్ కోచింగ్ ఏమైనా ఉందా?

వంశధార అమ్మ, పర్లాకిమిడి

ఉంది మాస్టారూ. నీట్ కోసం, రాత్రి పదకొండు దాకా. అది అయ్యాక ఆ మాత్ర వేసుకుంటుంది. ఒడియా మీడియమే, మీరు చెప్పింది నిజం.

కిరండోల్ పాసింజర్

నేను పదిహేనేళ్లప్పుడు వాడాను, రాయగడలో ఉండగా. ఇప్పుడు విశాఖలో సీఏ చదువుతున్నాను. నా అనుభవం ఒక్కటే కాబట్టి దీన్ని రూలు అనుకోకండి. గుర్తుండకపోవడం కంటే నాకు వేరే ఇబ్బంది ఉండేది. ఏదీ పట్టనట్టు ఉండేది. మార్కులు తగ్గినా బాధ లేదు, పెరిగినా సంతోషం లేదు. ఆ పట్టనితనం వల్ల చదవబుద్ధి కాలేదు, దాన్ని ఇంట్లో మతిమరుపు అనుకున్నారు. డాక్టర్‌కు చెప్పాక డోసు మార్చారు. కొన్ని వారాల్లో తేడా తెలిసింది. మానేసి చాలా ఏళ్లైంది. సెక్షన్లు గుర్తుపెట్టుకోవడంలో నా ఫ్రెండ్స్ కంటే తక్కువేం కాదు, పరీక్షలంటే వాళ్లలాగే ఏడుస్తాను.

అక్కా, పాపను నేరుగా అడగండి, “మర్చిపోతున్నావా, లేక పట్టడం లేదా” అని. మేం చెప్పం, అడిగితేనే చెబుతాం.

నాగావళి, రాయగడ

పాసింజర్ చెప్పినదానికి దగ్గరగా ఒక పరిశోధన ఉంది. 2023లో వచ్చింది, కేంబ్రిడ్జ్, కోపెన్‌హేగెన్ వాళ్లది. ఏ జబ్బూ లేని 66 మంది పెద్దవాళ్లలో కొందరికి ఎస్సిటలోప్రామ్, కొందరికి ఉత్తుత్తి మాత్ర కనీసం మూడు వారాలు ఇచ్చారు. శ్రద్ధ, జ్ఞాపకశక్తి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ తప్పొప్పులకు వచ్చే మెప్పు, శిక్షను బట్టి నేర్చుకునే గుణం మందు వాడినవాళ్లలో తగ్గింది. ఒప్పు చేస్తే ఉత్సాహం, తప్పు చేస్తే సర్దుకోవడం, రెండూ మందగించాయి. పెద్దవాళ్ల మీద చేసింది కాబట్టి టీనేజ్‌కు నేరుగా అంటగట్టను. కానీ డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

కళింగ ఇల్లాలు, బరంపురం

మధ్యలో అడుగుతున్నాను, క్షమించాలి. మా బాబుకి తలనొప్పికి అమిట్రిప్టిలిన్ ఇస్తున్నారు. డిప్రెషన్ మాత్ర అని ఇంటర్నెట్‌లో ఉంది. వాడికి డిప్రెషన్ లేదు. అది కూడా ఇలాగేనా?

మందుల షాపు, జయపురం

అది పాత తరం డిప్రెషన్ మందు, ట్రైసైక్లిక్. మైగ్రేన్ రాకుండా తక్కువ మోతాదులో ఇవ్వడం మామూలే, కంగారు పడకండి. కానీ నోరు ఎండటం, మలబద్ధకం, పగలు మత్తు, చూపు మసకగా ఉండటం దీనికి ఎస్‌ఎస్‌ఆర్‌ఐల కంటే ఎక్కువ. క్లాసులో తూగుతున్నాడని టీచర్ అంటే డాక్టర్‌కు చెప్పండి. విడిగా ఇంకో చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

వేదిక నిర్వాహకులు

డోసు పెంచమని, తగ్గించమని, ఆపమని ఎవరూ రాయొద్దు. బాబాయ్ గారి మొదటి పోస్టు తీసేయమని కొందరు అడిగారు. కింద జవాబు ఉంది కాబట్టి ఉంచుతున్నాం. ఇంకో విషయం, ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు పిల్లల్ని దగ్గరగా గమనించాలి. 24 ట్రయల్స్ కలిపి చూసినప్పుడు ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మందు వాడిన పిల్లల్లో సుమారు 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం ఉన్నాయి. ఆ ట్రయల్స్‌లో చనిపోయినవారు లేరు. 2004 నుంచి అమెరికాలో ఈ మందుల పెట్టె మీద హెచ్చరిక ఉన్నది అందుకే. ఏ రాత్రైనా భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

బరంపురం బాబాయ్

ఉంచండి, నాకేం. కానీ నడక మంచిదే అంటాను.

గుణుపురం మాస్టారు

నడక మంచిదే బాబాయ్, ఎవరు కాదన్నారు. మాత్రతో పాటు నడవమనండి.

వంశధార అమ్మ, పర్లాకిమిడి

నిన్న బరంపురం వెళ్లొచ్చాం. స్ట్రిప్ చూపించాను. డాక్టర్ గారు పాత చీటీ అంతా మళ్లీ చదివి, క్లోనజెపామ్ ఇంతకాలం ఉండాల్సింది కాదన్నారు. కొన్ని వారాల్లో మెల్లగా తీసేసేలా కాగితం మీద రాసిచ్చారు. ఎస్సిటలోప్రామ్ మాత్రం కదపనన్నారు. పూర్తిగా కోలుకున్నాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉంచుతారట, పరీక్షలు, అడ్మిషన్ల హడావుడి అయ్యాక మాట్లాడదామన్నారు. రక్తపరీక్ష, థైరాయిడ్ రాశారు. హిమోగ్లోబిన్ బాగా తక్కువ ఉంది. మన వైపు సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఎక్కువ కాబట్టి అదీ చూడమన్నారు, రిపోర్టు రావాలి. రక్తం తక్కువైనా చదువు ఎక్కదని ఆయనే అన్నారు, ఈ ముక్క ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. కౌన్సెలింగ్‌కు వారానికోసారి ఫోన్లో మాట్లాడే ఏర్పాటు ఉందట.

పాపను పాసింజర్ చెప్పినట్టే అడిగాను. “రెండూ ఉన్నాయమ్మా, కానీ ఇంగ్లీషులో అర్థం కాకుండా బట్టీ పడుతున్నాను, అందుకే పోతోంది” అంది. మాస్టారూ, మీకు దండం. నీట్ కోచింగ్ ఈ ఏడాదికి మానిపించాం. మా మరిదికి కోపం వచ్చింది.

నిప్పులాంటి నిజం, కొరాపుట్

మంచి డాక్టర్ దొరికారు. నా అభిప్రాయం మాత్రం మారలేదు. పదేళ్ల లెక్క లేనప్పుడు పిల్లలకు రాసే ప్రతి మందుకూ ఎప్పుడు ఆపాలో మొదటి రోజే చీటీ మీద రాయాలి.

నాగావళి, రాయగడ

దీనికి మాత్రం నేనూ మీతోనే. అక్కా, ఇంకో చిన్న పని. క్లోనజెపామ్ తగ్గించే ముందు నుంచే వారానికోసారి ఒకే రకం పని ఇచ్చి రాసిపెట్టండి. పది కొత్త ఇంగ్లీషు మాటలు, మర్నాడు ఎన్ని గుర్తున్నాయి, అంతే. పాపే రాసుకుంటే ఇంకా మంచిది. పరీక్షలయ్యాక డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు అనుమానాల కంటే ఆ కాగితం ఎక్కువ పనికొస్తుంది.

వంశధార అమ్మ, పర్లాకిమిడి

అలాగే. తమ్ముడూ, ఒక సందేహం. కొత్త చీటీలో ఎస్సిటలోప్రామ్ వేరే మాత్ర, క్లోనజెపామ్ వేరే మాత్ర. ఇంట్లో పాత ప్లస్ స్ట్రిప్పులు రెండు మిగిలాయి. షాపులో తీసుకుంటారా?

మందుల షాపు, జయపురం

బిల్లు ఉంటే, స్ట్రిప్ కత్తిరించకుండా ఉంటే మీరు కొన్న షాపువాళ్లు తీసుకోవచ్చు, అడగండి. తీసుకోకపోయినా ఇంట్లో మాత్రం ఉంచకండి. పాత స్ట్రిప్పూ కొత్త మాత్రలూ పక్కపక్కనే ఉంటే అత్తగారో మీ ఆయనో ఏదో రాత్రి రెండూ ఇచ్చేస్తారు. కొత్తవి కూడా పాప చేతికి కాకుండా మీ బీరువాలో పెట్టి, రోజుకు ఆ రోజువి తీసి ఇవ్వండి.